పాత గల్లార్డోను ట్యూన్ చేయిస్తే కొత్త మెక్‌లారెన్‌ను అందుకుంటుందా?

ప్రశ్న అడిగినవారు దుబాయ్‌లో ఉంటున్నారు. 2006 నాటి లాంబోర్గిని గల్లార్డో ఒకటి, 2018 మెక్‌లారెన్ 720ఎస్ ఒకటి చూసి వచ్చారు. గల్లార్డో కొని మిగిలిన డబ్బు ట్యూనింగ్‌కు పెట్టాలా, లేక ఉన్నదంతా పెట్టి 720ఎస్ కొనాలా అన్నది సందేహం. "పాత కార్లు గట్టివి, వాటిలో ట్యూనింగ్‌కు చోటు ఎక్కువ. కొత్తవన్నీ కంప్యూటర్లు, చెయ్యి పెట్టలేం" అని ఒక మిత్రుడు చెప్పారట.

ముందే జవాబు చెబుతాను. కంపెనీ నుంచి వచ్చినట్టు పోల్చినా, ట్యూన్ చేశాక పోల్చినా ఈ రెండింటిలో 720ఎస్‌దే పైచేయి. టర్బోలు (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే పంపులు) బిగించి, ఇంజన్‌ను మళ్లీ కట్టించుకుంటే తప్ప గల్లార్డో ఏ మార్పూ చేయని 720ఎస్‌ను కూడా అందుకోలేదు. అలాగని మీ మిత్రుడి మాట పూర్తిగా కొట్టేయాల్సింది కాదు. పాత కార్లలో కొన్నింటికి నిజంగానే బోలెడు చోటు ఉంది. గల్లార్డో ఆ కోవలోకి రాదు. తేడా పాత, కొత్త అన్నదాంట్లో లేదు, ఇంజన్ స్వభావంలో ఉంది. అది అర్థమైతే ఈ రెండు కార్లే కాదు, రేపు ఇంకేది చూసినా మీరే తేల్చుకోగలరు.

నా సంగతి రెండు ముక్కల్లో: విజయవాడ ఆటోనగర్‌లో లారీ డీజిల్ ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని 2007లో దుబాయ్ వచ్చాను. అల్ కూజ్‌లోని వర్క్‌షాపుల్లో చాలా ఏళ్లు గేర్‌బాక్సులు, ఇంజన్లు దించే పని చేశాను. ఇప్పుడు డైనో మీద ట్యూనింగ్ చూస్తున్నాను. డైనో అంటే కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తిని కొలిచే యంత్రం. కింద కంపెనీలు ప్రకటించిన అంకెలూ ఉన్నాయి, మా డైనో మీద నేను చూసినవీ ఉన్నాయి. ఏది ఏదో అక్కడికక్కడే చెబుతాను. హార్స్‌పవర్ అన్నచోటల్లా యూరప్ లెక్కే.

ముందు ట్యూనింగ్ మాట పక్కన పెట్టి కంపెనీ కాగితాలు చూద్దాం. గల్లార్డో 2003లో వచ్చినప్పుడు 5 లీటర్ల వీ10 ఇంజన్, 500 హార్స్‌పవర్, వంద కిలోమీటర్ల వేగానికి 4.2 సెకన్లు. మీరు చూసిన 2006 మోడల్ నాటికి శక్తి 520కి పెరిగింది. 2017లో వచ్చిన 720ఎస్‌లో 4 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 720 హార్స్‌పవర్, వందకు 2.9 సెకన్లు, రెండు వందలకు 7.8 సెకన్లు. ఈ తేడాలో ఇంజన్ వాటా ఎంతో, మిగతా కారు వాటా ఎంతో చూడటానికి ఈ రెండూ సరైన జత కాదు, శక్తిలోనే బాగా తేడా ఉంది కాబట్టి. దానికి ఫెరారీ సొంత ఇంట్లో మంచి ఉదాహరణ ఉంది.

2002లో వచ్చిన ఎంజోకు 6 లీటర్ల వీ12, 660 హార్స్‌పవర్. 2015లో వచ్చిన 488 జీటీబీకి 670. అంటే శక్తి దాదాపు సమానం. నూనెలు, నీళ్లు లేకుండా చూస్తే ఎంజో బరువు 1,255 కిలోలు, 488 బరువు 1,370 కిలోలు. బరువున్న కారు వెనకబడాలి కదా. ఫెరారీ తన ఫియొరానో ట్రాక్ మీద ప్రకటించిన సమయాలు చూడండి: ఎంజోకు 1 నిమిషం 24.9 సెకన్లు, 488కి 1 నిమిషం 23 సెకన్లు. తన కాలంలో ఆ కంపెనీ శిఖరం అనిపించుకున్న కారును, పదమూడేళ్ల తర్వాత వచ్చిన మామూలు శ్రేణి వీ8 కారు దాదాపు రెండు సెకన్లు దాటేసింది. తక్కువ ఆర్‌పీఎంలోనే (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) టర్బోలు ఇచ్చే టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, ఇందులో కొంత వాటా ఉంది. మిగిలినది టైర్లు, గేర్‌బాక్స్, వెనక చక్రాలు జారకుండా చూసే కంప్యూటర్ల పుణ్యం.

గేర్‌బాక్స్ తేడా మీకు ఒంటి మీదే తెలుస్తుంది. గల్లార్డో ఈ-గేర్ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మీ బదులు హైడ్రాలిక్ వ్యవస్థ చేస్తుంది. పూర్తి యాక్సిలరేటర్ మీద గేరు మార్చినప్పుడు మీ తల ఒకసారి ముందుకు వంగి, మళ్లీ సీటుకు తగులుతుంది. వంగి ఉన్నంతసేపూ చక్రాలకు శక్తి అందడం లేదన్నమాట. 720ఎస్‌లో రెండు క్లచ్‌లు. తర్వాతి గేరు అప్పటికే రెండో క్లచ్ మీద పడి సిద్ధంగా ఉంటుంది కాబట్టి తల కదలదు, లాగుడు తెగదు. ట్యూనింగ్‌కు ఎన్ని డబ్బులు పోసినా ఈ తేడాను మాత్రం కొనలేరు.

ఇక ట్యూనింగ్‌కు వద్దాం. ఇంజన్ అంటే గాలి పంపు. ఎంత గాలి లోపలికి వెళితే అంత పెట్రోలు కాల్చవచ్చు. టర్బో లేని ఇంజన్ వాతావరణం ఇచ్చిన గాలితోనే బతకాలి. దాని సామర్థ్యం పెంచాలంటే సైజు పెంచాలి, ఆర్‌పీఎం పెంచాలి, లేదా గాలి దారిలో ఉన్న అడ్డంకులు తీయాలి. మొదటి రెండూ ఇంజన్ విప్పితే గాని కావు. మూడోది సైలెన్సర్, ఫిల్టర్, సాఫ్ట్‌వేర్. కానీ ఇటలీలో ఆ ఇంజన్‌ను తీర్చిదిద్దినవారు అడ్డంకులు ఎప్పుడో తీసేశారు. మా డైనో మీద గల్లార్డోకు ఈ మూడూ చేయిస్తే చక్రాల దగ్గర 15, మహా అయితే 20 హార్స్‌పవర్ పెరగడం చూశాను. శబ్దం మాత్రం అద్భుతంగా మారుతుంది. ఆ శబ్దం కోసమే అయితే చేయించుకోండి, తప్పేమీ లేదు. వేగం పెరుగుతుందని మాత్రం చేయించవద్దు. 720ఎస్‌కు కేవలం సాఫ్ట్‌వేర్ మార్చితేనే, మంచి పెట్రోలు మీద, చక్రాల దగ్గర 80 పైచిలుకు పెరగడం మామూలుగా చూస్తాం. టర్బో మరికాస్త గాలి నెడుతుంది, అంతే.

మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదట చెప్పే లెక్క ఇది. ఏ ఇంజన్‌లో ఎంత చోటు ఉందో తెలియాలంటే, ఆ కంపెనీయే తర్వాతి మోడళ్లలో దాని నుంచి ఎంత పిండుకుందో చూడండి. గల్లార్డో 5 లీటర్ల ఇంజన్ 500తో మొదలైంది. 2007లో బరువు తగ్గించి, ప్రత్యేకంగా తెచ్చిన సూపర్‌లెజెరాలో 530 దగ్గర ఆగింది. అంటే ముప్పై. ఆ తర్వాత వాళ్లకు కూడా 5.2 లీటర్ల కొత్త ఇంజన్ అవసరమైంది. 720ఎస్ కుటుంబంలోని 4 లీటర్ల వీ8నే 765ఎల్‌టీలో 765కి, సెన్నాలో 800కి తీసుకెళ్లారు. అంటే ఎనభై, అదీ వారంటీ ఇచ్చి మరీ.

ఇదే లెక్కను పాత కార్ల మీద వేస్తే మీ మిత్రుడి మాటలో నిజం బయటపడుతుంది. 2000లో వచ్చిన పోర్షే 996 టర్బోకు 3.6 లీటర్ల ఇంజన్, 420 హార్స్‌పవర్. 1998లో లె మాన్స్ రేసు గెలిచిన 911 జీటీ1 ఇంజన్‌కు ఇది దగ్గరి చుట్టం. 2006లో 997 టర్బోలో అదే కుటుంబం 480 ఇచ్చింది. 2010లో జీటీ2 ఆర్ఎస్‌లో 620 ఇచ్చింది. పదేళ్లలో 200 హార్స్‌పవర్, ఇంజన్ సైజు మారకుండానే. రేసు కోసం గట్టిగా కట్టి, రోడ్డు మీద సగం నిద్రలో నడిపించిన ఇంజన్ అది. 2005 నాటి ఫోర్డ్ జీటీ కూడా అలాంటిదే. సూపర్‌చార్జర్ (ఇంజనే తిప్పే గాలి పంపు) ఉన్న 5.4 లీటర్ల వీ8, లోపల ఫోర్జింగ్ చేసిన క్రాంక్‌షాఫ్టు, దానికి పిస్టన్లను కలిపే కనెక్టింగ్ రాడ్లు, అమెరికా లెక్కలో 550 హార్స్‌పవర్. బాగా మార్చి, టర్బోలు బిగించిన ఫోర్డ్ జీటీ ఒకటి 2019లో టెక్సస్‌లో నిలిచి ఉన్న చోటు నుంచి మైలు దూరంలోనే గంటకు 300 మైళ్లు దాటింది. అంటే 483 కిలోమీటర్లు. ఇలాంటి పాత కార్లు చూసినవారికి "పాతవే గట్టివి" అనిపించడం సహజం.

హార్స్‌పవర్ ఎంత పెరిగిందన్నదానికంటే టార్క్ ఎక్కడ పెరిగిందన్నది ముఖ్యం. ఇది చాలామంది పట్టించుకోరు. నా దగ్గరకు వచ్చే విరిగిన ఇంజన్లలో ఎక్కువ భాగం దీనివల్లే వస్తాయి.

కొన్నేళ్ల క్రితం ఒకాయన తన నిస్సాన్ జీటీ-ఆర్ తీసుకొచ్చాడు. ఈ కారు 2007లో వచ్చినప్పుడు 480 హార్స్‌పవర్, 588 న్యూటన్ మీటర్ల టార్క్. ట్యూనింగ్ వేరేచోట చేయించాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ కాస్త కుంటుతోందని ఆయన ఫిర్యాదు. పొగ లేదు, చప్పుడు లేదు. కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కి పట్టగలదో) చూస్తే ఐదు సిలిండర్లు ఒక్క తీరుగా ఉన్నాయి, ఒకటి మాత్రం తక్కువ. ఇంజన్ దించి, హెడ్లు తీసి, ఒక్కో పిస్టన్‌నే పైకి తెచ్చి చూశాం. ఆ ఒక్క సిలిండర్‌లో పిస్టన్ మిగతావాటికంటే మిల్లీమీటరున్నర కిందే ఆగిపోయింది. దాని కనెక్టింగ్ రాడ్ తీసి సర్ఫేస్ ప్లేట్ (పూర్తి చదునైన బల్ల) మీద పెట్టి వెనక నుంచి టార్చిలైటు వేస్తే, మధ్యలో సన్నని గీతలా వెలుతురు కనిపించింది. విరగలేదు, వంగింది. చేత్తో పట్టుకుని చూస్తే ఎవరికీ తెలియదు.

ఆ రాడ్‌ది గాని, కారుది గాని తప్పు కాదు. తప్పు మ్యాప్‌ది, అంటే ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత ఒత్తిడి ఇవ్వాలో ఇంజన్‌కు చెప్పే సాఫ్ట్‌వేర్ పట్టికది. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 3,500 ఆర్‌పీఎం దగ్గరే టర్బోల ఒత్తిడి పూర్తిగా తెరిచి పెట్టారు. మా డైనో మీద ఆ చోట దాదాపు 850 న్యూటన్ మీటర్లు చూపించింది. సీటులో కూర్చున్నవాడికి వీపు మీద తన్నినట్టు ఉంటుంది, చాలా సంతోషం. లెక్క వేసి చూడండి: టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 3,500 దగ్గర 850 అంటే 312 కిలోవాట్లు. 6,500 దగ్గర 650 అంటే 442 కిలోవాట్లు. తక్కువ టార్క్‌తో ఎక్కువ శక్తి! రాడ్‌ను వంచేది సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, అది టార్క్‌తో పాటు పెరుగుతుంది. కారును పరుగెత్తించేది శక్తి. మంచి ట్యూనర్ కింది ఆర్‌పీఎంలో చెయ్యి బిగించి పట్టుకుంటాడు, పైన వదులుతాడు. ఫెరారీ కూడా అదే చేసింది. 488కి ప్రకటించిన 760 న్యూటన్ మీటర్లు ఏడో గేరులో మాత్రమే పూర్తిగా అందుతాయి. కింది గేర్లలో కంప్యూటర్ తగ్గించే ఇస్తుంది. కాబట్టి ఎవరి దగ్గర ట్యూన్ చేయించినా, పెద్ద అంకె ఉన్న స్టిక్కర్ కాకుండా ఆర్‌పీఎం వారీగా టార్క్ గీసిన గ్రాఫ్ అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ చోటు వదిలేయండి.

కొత్త కార్లలో కంప్యూటర్ల బెడద నిజమే. ఇంజన్ కంప్యూటర్, గేర్‌బాక్స్ కంప్యూటర్, స్థిరత్వం చూసే కంప్యూటర్ ఒకదాని లెక్క ఒకటి సరిచూసుకుంటాయి. అడిగినదానికంటే టార్క్ ఎక్కువ వస్తే గేర్‌బాక్స్ అనుమానించి శక్తి తగ్గించేస్తుంది. అందుకని ఇంజన్ ఫైలుతో పాటు గేర్‌బాక్స్ ఫైలు కూడా మార్చాలి. కొత్త మోడల్ రాగానే దాని కంప్యూటర్ల తాళంచెవి ఎవరి దగ్గరా ఉండదు, కొన్నాళ్లు ఆగాలి. 720ఎస్ ఆ దశ దాటి చాలా కాలమైంది. ఇంకో చిక్కు ఇంధనం. పాత పద్ధతిలో పెట్రోలు చాలకపోతే పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు వేస్తే సరిపోయేది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి కొట్టే కొత్త ఇంజన్లలో అధిక పీడన పంపు ఒక హద్దు దాటి ఇవ్వలేదు. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే అదనంగా రెండో ఇంజెక్టర్ వరుస బిగించాలి. ఇక ఫెరారీ 296 లాంటి హైబ్రిడ్ కార్లలో అధిక వోల్టేజీ బ్యాటరీ ఉంటుంది. దానికి శిక్షణ, పరికరాలు లేని వర్క్‌షాపును దాని మూత కూడా తీయనివ్వకండి. ప్రాణం పోతుంది.

మన ఎండ సంగతి వేరే చెప్పాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 20 డిగ్రీల దగ్గరతో పోలిస్తే 45 డిగ్రీల దగ్గర అదే సిలిండర్‌లోకి దాదాపు 8 శాతం తక్కువ గాలి వెళ్తుంది. 500 హార్స్‌పవర్ గల్లార్డో జులై మధ్యాహ్నం షేక్ జాయెద్ రోడ్డు మీద 460 కారే. టర్బో కారు ఒత్తిడి పెంచి ఈ లోటు పూడ్చుకోగలదు, కానీ టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కాక అదీ చేతులెత్తేస్తుంది. అందుకే నేను డైనో మీద ఒక్క పరుగు నమ్మను. వెంటవెంటనే మూడు పరుగులు తీసి, మూడో అంకెనే యజమానికి చెబుతాను. ఇక్కడి బంకుల్లో దొరికే 98 ఆక్టేన్‌కే మ్యాప్ చేయించండి. డ్రమ్ముల్లో వచ్చే రేసు పెట్రోలుకు మ్యాప్ చేయించి, ఒక రాత్రి బంకులో మామూలు పెట్రోలు కొట్టించి పిస్టన్ పగలగొట్టుకున్నవారు ఉన్నారు.

గల్లార్డో మీద ఇంకా మనసు ఉంటే, ట్యూనింగ్‌కంటే ముందు చేయించాల్సింది ఒకటుంది. పాత కారు పోగొట్టుకున్న శక్తిని ముందు తిరిగి తెచ్చుకోండి. 500 హార్స్‌పవర్ గల్లార్డో ఒకటి సాఫ్ట్‌వేర్ కోసం మా దగ్గరకు వచ్చింది. ముందు ఉన్నది కొలుద్దామని డైనో ఎక్కిస్తే చక్రాల దగ్గర 385 వచ్చింది. ఆ కారుకు 425 చుట్టుపక్కల రావాలి. ఇంజన్ బోరుకొచ్చిందేమోనని యజమాని గుండె జారిపోయింది. కంప్రెషన్ చూస్తే పదికి పది సిలిండర్లూ బాగున్నాయి. ఇంజన్ వేడికి ఎండిపోయిన రబ్బరు గొట్టం ఒకటి చేతిలో నలిపితే బిస్కెట్టులా విరిగింది. ఇగ్నిషన్ కాయిల్స్ రెండు బలహీనపడ్డాయి. ఆక్సిజన్ సెన్సర్లు మొద్దుబారాయి. అవి మార్చి, ప్లగ్గులు వేసి మళ్లీ ఎక్కిస్తే 422. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అంకె ముట్టుకోకుండా 37 హార్స్‌పవర్.

టైర్లు కూడా అంతే. తక్కువ తిరిగిన పాత కార్ల టైర్ల మీద గాడులు కొత్తవాటిలా ఉంటాయి, రబ్బరు మాత్రం రాయిలా ఉంటుంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2214 అంటే 2014లో 22వ వారం. అలాంటి టైర్లతో వచ్చిన కారును నేను డైనో ఎక్కించను, యజమాని ఎంత బతిమాలినా సరే. బ్రేకుల లెక్క ఇంకా కఠినం: 200 వేగం నుంచి ఆపడం కంటే 250 నుంచి ఆపడానికి బ్రేకులు 56 శాతం ఎక్కువ వేడి మింగాలి. శక్తి పెంచాలనుకున్న డబ్బులో మొదటి వాటా వీటికే పోవాలి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. ఇక్కడ అనుమతి లేని మార్పులు ఉంటే రిజిస్ట్రేషన్ తనిఖీలో కారు ఆగిపోతుంది. హైదరాబాద్, విజయవాడ నుంచి చదివేవారికి: మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇక్కడ చేసిన పనిని అక్కడ చేయించాలని చూడకండి. ఫెరారీ ఎఫ్40 లాంటి అరుదైన కార్లు చేతికి వస్తే అసలు మార్చకండి. వాటి విలువంతా ఫ్యాక్టరీ బోల్టు ఫ్యాక్టరీ చోట ఉండటంలోనే ఉంది. ఏ పాత కారుకైనా తీసిన భాగాన్ని పారేయకుండా పేరు రాసి పెట్టెలో దాచుకోండి.

ఇక మీ విషయానికి. వేగమే కావాలంటే 720ఎస్ తీసుకోండి. మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ కూడా ముట్టుకోకండి, ఆ కారుకు అలవాటు పడటానికే అంత సమయం పడుతుంది. కొనేముందు సస్పెన్షన్‌లోని హైడ్రాలిక్ అక్యుములేటర్లు (నూనె ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న పాత్రలు) తప్పనిసరిగా చూపించండి. పాత కారే కావాలి, ట్యూనింగూ కావాలి అంటే గల్లార్డో బదులు 2006-2009 మధ్య 997 టర్బో వెతకండి. అలా కాదు, ఆ వీ10 శబ్దం వినగానే మనసు పోయింది అంటారా, గల్లార్డోనే తీసుకుని ఉన్నది ఉన్నట్టు నడుపుకోండి. దానికి కొనేముందు క్లచ్ అరుగుదల ఎంత శాతమో కంప్యూటర్ పెట్టి చదివించండి, పది సిలిండర్ల కంప్రెషన్ రాయించండి, నాలుగు టైర్ల తేదీలు ఫోటో తీసుకోండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. అమ్మేవారు కంప్రెషన్ చూడనివ్వకపోతే మాత్రం నన్ను అడగకుండానే వెనక్కి వచ్చేయండి.